లోయర్ చేసిన మస్టాంగ్: ఏ ఇబ్బంది దేనివల్ల, ఎలా సరిచేయాలి

నా ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారుకి 40 మి.మీ. కిందకి దించే స్ప్రింగులు వేయించి ఏడాదిన్నర తిప్పాను, చూడ్డానికి చాలా బాగుండేది, టైరుకీ ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్ళు కూడా పట్టేవి కావు. కానీ నడుం నొప్పున్న మా అమ్మ ముందు సీట్లో కూర్చుని ప్రతి గుంతకీ డోర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం చూశాక మనసు ఒప్పలేదు, కంపెనీ స్ప్రింగులే మళ్ళీ వేయించేశా.

సమస్య: స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట గీసుకుంటోంది

2016లో ఇక్కడికి వచ్చిన మస్టాంగ్‌కి ఫోర్డ్ వాళ్ళే మన రోడ్ల కోసం ఎత్తు పెంచి 137 మి.మీ. క్లియరెన్స్ (నేలకీ కారు పొట్టకీ మధ్య ఖాళీ) ఇచ్చారు, 40 తీసేస్తే మిగిలేది 97. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, మన కారు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.72 మీటర్లే కాబట్టి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, అప్పుడు పొట్టకి కావాల్సింది 5.5 సెం.మీ.కి అటూ ఇటూగా అంతే. తగిలేది అక్కడ కాదు, కాలనీల్లో సిమెంటుతో పోసే సన్న దిబ్బల దగ్గర, ముందు చక్రాలు దాటేశాక దిబ్బ ఎత్తు మొత్తం పొట్ట కిందే నిలబడుతుంది. పాత ఎత్తుకి వచ్చేయండి, వచ్చాక కూడా అలాంటి దిబ్బని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటించండి.

సమస్య: చిన్న గుంతకే ధడ్‌మని నడుంకి తగులుతోంది

చాలామంది స్ప్రింగ్ గట్టిదనం అనుకుంటారు, నేనూ అదే అనుకున్నా, అసలు కారణం ఎక్కువసార్లు బంప్ స్టాప్, అంటే షాక్ అబ్జార్బర్ మరీ లోపలికి పోకుండా ఆపే రబ్బరు ముక్క. కారు ఎత్తు తగ్గితే షాక్ అబ్జార్బర్‌కి లోపలికి నొక్కుకునే జాగా తగ్గిపోతుంది, కాస్త దెబ్బకే రబ్బరు స్టాప్‌కి గుద్దుకుంటుంది. తేల్చుకోవడం తేలికే: షాక్ మీద దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు (డస్ట్ బూట్) పైకి లేపి మెరిసే రాడ్ చుట్టూ ఒక కేబుల్ టై బిగించి, షాక్ గొట్టం అంచుకి ఆనించి, రోజూ వెళ్ళే దారిలో ఒక రౌండ్ కొట్టి రండి. టై స్టాప్ దాకా జరిగి ఉంటే దొంగ దొరికినట్టే. కంపెనీ స్ప్రింగులు వేయాలి, షాక్ మీద నూనె తడి కనిపిస్తే అది కూడా మార్చాలి, స్ప్రింగ్ కోయించడం మాత్రం దయచేసి వద్దు, కోస్తే ఇంకా గట్టిపడుతుంది, సీటులో సరిగ్గా కూర్చోదు కూడా.

సమస్య: టైర్లు లోపలి వైపే అరుగుతున్నాయి

దించితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే కోణం), టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండూ మారతాయి, టైరుని త్వరగా తినేసేది టో. ఎత్తు పెంచాక అలైన్‌మెంట్ మళ్ళీ చేయించాల్సిందే, హెడ్‌లైట్ల కోణం కూడా అప్పుడే చూపించండి.

సమస్య: స్ప్రింగులు మార్చాక కిర్రుకిర్రు, ఒక వైపు ఎత్తుగా నిలబడటం

లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీ) బోల్టులు బిగించేసి ఉంటారు, కారు కిందకి దించాక ఆర్మ్ కీలులో ఉండే బుష్ రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చీలిపోతుంది కూడా. నాకు సరిగ్గా ఇదే జరిగింది. ఆ బోల్టులు వదులు చేసి, కారు బరువు చక్రాల మీద పడ్డాక బిగించమనండి. పని మొదలెట్టకముందూ అయ్యాకా హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు వైపులా కొలిచి రాసుకోండి, అలా కొలిస్తే టైర్లో గాలి ఎక్కువ తక్కువున్నా లెక్క తప్పదు.