బుజ్జి పళ్లకు ఎలక్ట్రిక్ బ్రష్
మూడేళ్లు నిండిన పిల్లలకు ఎలక్ట్రిక్ బ్రష్ కొన్నారా? మొదటిరోజే నోట్లో పెట్టి ఆన్ చేయకండి, ఆ గుర్రుమనే చప్పుడుకి హడలిపోతారు. నాలుగు రోజులు ఆఫ్‌లోనే తోమండి. తర్వాత ఆన్ చేసి అరచేతికి, బుగ్గకి తాకించండి. చక్కిలిగిలికి వాళ్లే నవ్వుతారు. మా పాపకి ఇలాగే భయం పోయింది.

పేస్టు బఠాణీ గింజంత చాలు. బ్రష్ నోట్లో పెట్టాకే ఆన్ చేయాలి, లేకపోతే నురగంతా బట్టల మీదే పడుతుంది. మామూలు బ్రష్‌లా రుద్దక్కర్లేదు. ఒక్కో పన్నుకి బయట, లోపల, నమిలే వైపు రెండు మూడు సెకన్ల చొప్పున మెల్లగా ఆనించి పక్కకు జరపండి, మొత్తం 2 నిమిషాలు. వెనక దంతాలు మాత్రం ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా మీరే తోమండి, ఎక్కువగా పుచ్చేది అవే. కుచ్చు విచ్చుకుపోతే 3 నెలలు నిండేదాకా ఆగకుండా బ్రష్ హెడ్ మార్చేయండి.