జేబుకత్తి వెంట ఉన్నప్పుడు తనిఖీ ద్వారాలు దాటడం ఎలా?

మడతపెట్టి జేబులో వేసుకునే చాకు మనలో చాలామందికి రోజువారీ పనిముట్టు. జామకాయ కోయడానికి, పార్సిల్‌కు చుట్టిన టేపు చీల్చడానికి, తోటలో తీగ కత్తిరించడానికి అది చేతికి అందుబాటులో ఉండాలనుకునేవారు దానిని తాళాల గుత్తికో, ల్యాప్‌టాప్ సంచి లోపలి అరలోనో ఉంచి క్రమంగా దాని సంగతే మరచిపోతారు. మళ్లీ అది గుర్తుకు వచ్చేది విమానాశ్రయంలో స్కానర్ దాటిన ట్రేను భద్రతా సిబ్బంది పక్కకు లాగినప్పుడే. ఆ క్షణంలో చేయగలిగింది చాలా తక్కువ కాబట్టి, చాకు విషయంలో నిర్ణయమంతా ఇంటి దగ్గర, సంచి సర్దేటప్పుడే జరిగిపోవాలి.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం, అలుగు 9 అంగుళాలకు మించి పొడవుగానీ 2 అంగుళాలకు మించి వెడల్పుగానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకు తయారైనవాటికి అందులో మినహాయింపు ఉంది. మామూలు జేబుకత్తి ఆ కొలతల దరిదాపులకు కూడా రాదు. అయితే ఢిల్లీ వెళ్లేవారు అక్కడ ఎప్పటినుంచో ఉన్న ప్రత్యేక నోటిఫికేషన్‌ను గమనించాలి: మీట నొక్కితేనో, స్ప్రింగు బలంతోనో తెరుచుకునే కత్తుల అలుగు 7.62 సెంటీమీటర్లు అంతకు మించి పొడవు, 1.72 సెంటీమీటర్లు అంతకు మించి వెడల్పు ఉంటే అది చిక్కులు తెచ్చిపెడుతుంది. మీటతో తెరుచుకునే కత్తిని ఏ ప్రయాణానికీ తీసుకువెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. పండు కోయడానికి దాని అవసరమూ లేదు.

చట్టం అభ్యంతరపెట్టని కత్తిని తనిఖీ ద్వారం దగ్గర కూడా అనుమతిస్తారని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. కత్తిని దగ్గర ఉంచుకోవడం నేరం కాకపోవచ్చు గానీ, ఒక ప్రాంగణంలోకి దానిని రానివ్వాలా వద్దా అన్నది ఆ ప్రాంగణపు నియమం. ఆ నియమాన్ని అమలు చేసే సిబ్బందితో చట్టంలోని కొలతల గురించి వాదించి నెగ్గినవారిని నేను చూడలేదు.

మన దేశంలో విమాన ప్రయాణానికి సంబంధించిన నియమం సూటిగానే ఉంది. పౌర విమానయాన భద్రతా విభాగం నిషేధించిన వస్తువుల జాబితా ప్రకారం కత్తులను వెంట తీసుకువెళ్లే సంచిలో గానీ ఒంటిమీద గానీ ఉంచుకోకూడదు. చెకిన్ లగేజీలో పెట్టుకోవచ్చు. శంషాబాద్‌లోనైనా, విశాఖలోనైనా, రేణిగుంటలోనైనా ఇదే పద్ధతి. అలుగు చిన్నదనో, అది బహుమతిగా వచ్చిందనో చెబితే సడలింపు దొరుకుతుందని ఆశించకండి. స్క్రూడ్రైవర్లు, పట్టకార్ల వంటి పనిముట్లు కూడా నిషేధిత జాబితాలోనే ఉన్నాయి కాబట్టి, చాకుతోపాటు పట్టకారు, స్క్రూడ్రైవరు కలిసి ఉండే మల్టీటూల్‌ను రెండు కారణాలవల్ల ఆపుతారు. దేశీయ విమానాల్లో సిక్కు ప్రయాణికుల కృపాణానికి మాత్రం 2022 మార్చి నాటి ఉత్తర్వు ప్రకారం మినహాయింపు ఉంది: మొత్తం పొడవు 22.86 సెంటీమీటర్లు, అలుగు 15.24 సెంటీమీటర్లు మించకూడదు. విదేశాలకు వెళ్లే విమానాలకు ఆ మినహాయింపు వర్తించదు.

ప్రయాణానికి ముందు రాత్రి సంచిని సర్దడం కాదు, మొదట పూర్తిగా ఖాళీ చేయడం అవసరం. ప్రతి అరనూ బయటికి లాగి, అడుగున చేయి పెట్టి తడిమి చూడాలి. తాళాల గుత్తి, షేవింగ్ సామాను పెట్టె, కెమెరా సంచి, కిందటి ట్రెక్కింగుకు వాడిన వీపుసంచి, పిల్లల క్రాఫ్టు డబ్బా వంటివి చాకులు దాక్కునే చోట్లు. 58 మిల్లీమీటర్ల పొడవుండే చిన్న స్విస్ చాకు తాళాల గుత్తిలో మరో తాళంలాగే కనిపిస్తుంది. అయితే ఎక్స్‌రే తెరమీద లోహం నీలిరంగులో స్పష్టంగా తేలుతుంది కాబట్టి మన కంటికి ఆననిది కూడా అక్కడ కనపడకుండా పోదు. పేపరు కోసే కట్టర్, విడి బ్లేడ్లు, కూరగాయల తొక్కతీసే పీలరు వంటివి కూడా ఇదే సోదాలో బయటపడతాయి. చాకును కావాలని దాచిపెట్టే ఆలోచన మాత్రం ఎవరూ చేయకూడదు. మరచిపోయిన చాకు సాధారణంగా దానిని వదులుకోవడంతో ముగుస్తుంది గానీ, బట్టలలో చుట్టి, డబ్బాలో దాచిన చాకు దొరికితే దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

చెకిన్ లగేజీలో పెట్టేటప్పుడు చాకును మడిచి, తెరుచుకోకుండా రబ్బరు బ్యాండు వేసి, దళసరి గుడ్డలో చుట్టి, బట్టల మధ్య ఉంచాలి. మడత లేని కత్తికి ఒర తప్పనిసరి. ఒర లేకపోతే మందపాటి అట్టను రెండు వైపులా పెట్టి టేపు చుట్టవచ్చు. లగేజీని తెరిచి చూసే సిబ్బంది చేతులు తెగకూడదన్నదే దీని ఉద్దేశం. అమెరికా రవాణా భద్రతా సంస్థ కూడా తన సూచనల్లో ఇదే కోరుతుంది. అమెరికాలో కాపురం పెట్టబోతున్న పిల్లల కోసం కత్తిపీట, కొబ్బరికోరు పంపే తల్లిదండ్రులు ఈ జాగ్రత్తను ఇంకా గట్టిగా పాటించాలి, ఎందుకంటే కత్తిపీట అలుగు అట్టను కోసుకుని సూట్‌కేసు బట్టనే చీల్చగలదు. చాకులో లైటో, ఛార్జింగ్ బ్యాటరీయో కలిసి ఉంటే దాని పద్ధతి వేరు: విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెకిన్‌లో ఉండకూడదు, కత్తి క్యాబిన్‌లో ఉండకూడదు. బ్యాటరీ ఊడి రాకపోతే అటువంటి వస్తువును ఇంట్లో వదిలి వెళ్లడమే తేలిక.

చాలామంది తడబడేది కౌంటరు దగ్గర. తూకంలో సూట్‌కేసు 23 కిలోలు దాటిందని తేలగానే, వెనక వరుస కదులుతుంటే, మన కుటుంబాలు నేలమీదే సూట్‌కేసు తెరిచి చేతికందిన మూటలను హ్యాండ్ బ్యాగులోకి మార్చేస్తాయి. రాత్రి అంత జాగ్రత్తగా చెకిన్‌లో పెట్టిన చాకు, వంటింటి కత్తి అలా స్కానర్ దారిలోకి వచ్చి పడతాయి. కత్తులున్న మూటమీద పెద్ద అక్షరాలతో గుర్తు రాసి, సూట్‌కేసు అడుగున పెట్టడం, ఇంటి దగ్గరే తూకం వేసుకోవడం దీనికి మందు. దేశీయ విమానాల్లో చెకిన్ లగేజీ లేకుండా, చేతిసంచితో మాత్రమే వెళ్లే చవక టికెట్టు కొన్నవారికి అసలు కత్తి తీసుకువెళ్లే దారే లేదు. అది తప్పనిసరైతే అంచును బాగా కప్పి ముందుగానే పోస్టులోనో కొరియర్‌లోనో పంపుకోవాలి.

ఇంత చేసినా చాకు దొరికిపోతే ఏం చేయాలి? సంచిని మీరు తెరవకండి. సిబ్బంది చెప్పేవరకు అందులో చేయి పెట్టకండి. మరచిపోయి తెచ్చానని ఒక్క మాటలో చెప్పి, చెకిన్‌లో వేసుకునే అవకాశం ఉందా అని మర్యాదగా అడగండి. సమయం ఉండి, విమానయాన సంస్థ ఒప్పుకుంటే వెనక్కు వెళ్లి కౌంటరులో ఇవ్వవచ్చు. సాగనంపడానికి వచ్చినవారు ఇంకా బయటే ఉంటే వారికి అందజేయవచ్చు. ఈ రెండూ కుదరకపోతే చాకును అక్కడే వదిలేయాలి, అది తిరిగి వస్తుందని ఎదురుచూడకూడదు. తాతగారి చాకు వంటి వెలకట్టలేని వస్తువును అసలు ప్రయాణానికే తీయవద్దని చెప్పేది ఇందుకే.

విదేశీ ప్రయాణంలో నియమం ఒక్కటి కాదు, దారిలో ఎన్ని తనిఖీలుంటే అన్ని. 2001 సెప్టెంబరు 11 దాడులకు ముందు అమెరికాలో 4 అంగుళాల లోపు అలుగున్న కత్తులను విమానంలోకి రానిచ్చేవారు; ఆ తరువాత పూర్తిగా ఆపేశారు. 6 సెంటీమీటర్ల లోపు చిన్న చాకులను మళ్లీ అనుమతిస్తామని 2013 మార్చిలో ప్రకటించినా, విమాన సిబ్బంది నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో జూన్‌లో ఆ ఆలోచనను విరమించుకున్నారు. యూరోపియన్ యూనియన్ నిబంధనలు మాత్రం 6 సెంటీమీటర్లకు మించిన అలుగులనే నిషేధిస్తాయి. కెనడా కూడా 2017 చివరి నుంచి అంతవరకు అనుమతిస్తోంది, అమెరికా వెళ్లే విమానాలకు తప్ప. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరూ ఏమీ అనని చిన్న చాకుతో ఢిల్లీలో దిగి, అక్కడ హైదరాబాద్ విమానం మారేవారికి మళ్లీ తనిఖీ ఉంటుంది, చాకు అక్కడ పోతుంది. దుబాయ్, దోహా, అబుదాబిల మీదుగా వెళ్లేవారి సంచులను మధ్యలో మళ్లీ స్కాన్ చేస్తారు. కాబట్టి దారిలో అన్నిటికంటే కఠినమైన విమానాశ్రయం ఏదో చూసుకుని దాని నియమాన్నే మొత్తం ప్రయాణానికి వర్తింపజేసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో కొన్న జ్ఞాపిక అయినా చెకిన్‌లోకే వెళ్లాలి.

బ్రిటన్‌లో చదువుకోవడానికి వెళ్లే పిల్లలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ బహిరంగ ప్రదేశంలో కారణం చెప్పనవసరం లేకుండా దగ్గర ఉంచుకోగలిగింది, 3 అంగుళాల లోపు అంచు ఉండి, తెరిచాక లాక్ పడని మడతచాకు మాత్రమే. తెరవగానే లాక్ పడే చాకు ఎంత చిన్నదైనా, తగిన కారణం లేకుండా వెంట ఉంటే నేరమే. చెకిన్‌లో చట్టబద్ధంగా దిగిన చాకు మరుసటి రోజు కోటు జేబులో చట్టవిరుద్ధం కాగలదన్నమాట.

నేలమీది తనిఖీల్లో సూక్ష్మాలు తక్కువ. మెట్రో స్టేషన్లలో, కోర్టుల్లో, మాల్స్‌లో, సినిమా హాళ్లలో చాకును ఆపుతారనే అనుకుని బయలుదేరాలి. మెట్రోలో రోజూ ఆఫీసుకు వెళ్లేవారు దానిని తాళాల గుత్తినుంచి శాశ్వతంగా తీసేయడం మంచిది. తిరుమల వెళ్లేవారి వాహనాలను, సామాన్లను అలిపిరి దగ్గర తనిఖీ చేస్తారు. దర్శనం వరుసలోకి వెళ్లేముందు మరో తనిఖీ ఉంటుంది కాబట్టి పండ్లు కోసుకునే చాకును తిరుపతిలో బస చేసిన గదిలోనే ఉంచి వెళ్లడం సుఖం. తాజ్‌మహల్ లోపలికి కత్తులను రానివ్వరు, సామాన్లు దాచుకునే గదులు ద్వారాల దగ్గర ఉంటాయి. క్లోక్‌రూమ్ ఉన్నచోట కూడా చాకు సంగతి ముందే చెప్పి, తీసుకుంటారో లేదో కనుక్కున్న తరువాతే సంచిని అప్పగించండి.