ఇంట్లో నేరం జరిగిందా? అడ్వాన్స్ తీసుకోకముందే చెప్పేయండి

మీ ఫ్లాట్‌లో హత్యో, గంజాయి కేసో జరిగి ఉండి ఇప్పుడు దాన్ని అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా, బ్రోకర్ ముందుగా ఇచ్చే సలహా "మనమెందుకు సార్ చెప్పడం, అడిగితే చూద్దాం" అనేదే. వినకండి. మీరు చెప్పకపోతే వాచ్‌మన్ చెప్తాడు, ఇస్త్రీ బండి ఆయన చెప్తాడు, పై ఫ్లోర్ ఆంటీ అయితే కొత్తగా దిగేవాళ్లు పాలు పొంగించే రోజే వచ్చి మరీ చెప్తుంది. అప్పుడు వాళ్లకి భయం కంటే మీ మీద కోపమే ఎక్కువ ఉంటుంది.

చట్టం సంగతి కాస్త తికమకగానే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాళ్లకి తెలిసుంటే చెప్పాలి. అద్దె విషయంలో సెక్షన్ 108లో ఇలాంటిదే ఉంది. హత్య జరిగితే చెప్పి తీరాలని అందులో విడిగా లేదు కాబట్టి, గోడ పగులు లోపమైతే మనసుకు పట్టే భయం కూడా లోపమేనా అని లాయర్లు గంటలకొద్దీ వాదించుకోవచ్చు. కానీ నేరుగా అడిగినప్పుడు "అబ్బే, అలాంటిదేం లేదండీ" అన్నారనుకోండి, ఒప్పంద చట్టం సెక్షన్ 17లో చెప్పిన మోసం కిందికి వచ్చే అవకాశం ఉంది, అవతలివాళ్లు ఒప్పందమే రద్దు చేయమనొచ్చు.

కేసు ఆస్తి మీదికే వచ్చి ఉంటే మాత్రం చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ఈడీ (అక్రమ డబ్బు చలామణి కేసులు చూసే కేంద్ర సంస్థ) చేసే తాత్కాలిక జప్తు 180 రోజుల దాకా ఉండొచ్చు, ఆ తర్వాత ఖరారు కూడా కావచ్చు. అది తేలకుండా బయానా తీసుకోవద్దు. పోలీసులు సీల్ వేసిన ఇల్లైతే, తెరవడానికి అనుమతి కాగితం చేతికి వచ్చాకే టూలెట్ బోర్డు పెట్టండి.

ఎప్పుడు చెప్పాలంటే, ఇల్లు చూపించి, వాళ్లకి నచ్చి, రేటు మాట్లాడబోయే ముందు. ఫోన్‌లో మొదటి మాటగా చెబితే ఇల్లు చూడ్డానికే రారు, అడ్వాన్స్ తీసుకున్నాక చెబితే గొడవే. నేనైతే ఇలా అంటాను: "ఒక విషయం చెప్పాలండీ. మూడేళ్ల కింద ఇక్కడ అద్దెకున్న ఒకాయన హత్యకు గురయ్యారు. నిందితుణ్ని అరెస్టు చేశారు, కేసు కోర్టులో ఉంది. ఇంటిమీద కేసేమీ లేదు. ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుని చెప్పండి." అంతే, ఆపేయండి. రక్తం ఎక్కడ పడింది, చంపినవాడు ఎలాంటివాడు, ఇవన్నీ అనవసరం. లైంగిక నేరమైతే బాధితుల వివరాలు వాట్సాప్‌లో గానీ ప్రకటనలో గానీ అసలు రాయొద్దు, బాధితుల గుర్తింపును ప్రచురించడమే నేరం.

నోటితో చెప్పింది అదే రోజు వాట్సాప్‌లో రెండు లైన్లలో పెట్టండి, అగ్రిమెంట్‌లో కూడా "ఈ విషయం తెలిసే తీసుకుంటున్నాం" అని ఒక వాక్యం రాయించండి. రేటు తగ్గించమంటారు, కచ్చితంగా అంటారు, ఎంత దాకా దిగుతారో ముందే ఇంట్లో అనుకుని ఉండండి. శాంతి హోమం చేయించి ఉంటే ఆ మాటా చెప్పండి, కొందరికి అదే ధైర్యం, కానీ హోమం అయిపోయింది కదా అని అసలు విషయం దాచకండి.

కొనేవాళ్లకో మాట: ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) లావాదేవీలే కనిపిస్తాయి, హత్యలు కనిపించవు. నోరు తెరిచి అడగండి, జవాబు మెసేజ్‌లో తీసుకోండి. కాలిఫోర్నియాలో ఇల్లు అమ్ముతున్న మనవాళ్లు కూడా గుర్తుంచుకోండి, ఇంట్లో జరిగిన మరణానికి మూడేళ్లు దాటితే అడగకుండా చెప్పనక్కర్లేదు గానీ, అడిగితే అబద్ధం చెప్పకూడదు.

ఇంకొకటి, ఎవరికైనా ఇల్లు చూపించే ముందు వాచ్‌మన్ ఈ కథని ఎలా చెప్తున్నాడో ఒకసారి వినండి. మీరు ఒక హత్య అంటే ఆయన లెక్కలో ఈపాటికి రెండు అయి ఉండొచ్చు.