కోతుల్ని చూడటం నేర్చుకుందాం – 4వ భాగం: రాయి చేతిలో ఉందా, కాళ్ళ కింద ఉందా?

పోయినసారి ఒక్క కోతినే పట్టుకుని పది నిమిషాలు చూడమన్నా కదా. బబూన్ల (ఆఫ్రికాలో గుంపులుగా తిరిగే పెద్ద కోతుల) మీద పనిచేసిన జీన్ ఆల్ట్‌మన్ గారు 1974లో ఈ పద్ధతి గురించి వివరంగా రాశారు, ముందే ఒకదాన్ని ఎంచుకోకపోతే మన కళ్ళు ఎక్కువ గోల చేసే కోతి వెనకే పోతాయి, మిగతావి అసలు లెక్కలోకే రావు. అది ఇంకా కుదరకపోతే ముందు అది చేసి, ఈ పాఠాన్ని ఆ తర్వాతే చదవండి, తొందరేం లేదు.

ఇవాళ పనిముట్టు సంగతి. సింహాచలం మెట్లదారిలో పొద్దున్నే రాసుకున్న నోట్స్ ఇది, ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

"7.40. ఆడది, ఎడమ చెవి చిరిగింది. కొబ్బరి చిప్ప కుడి చేత్తో. మెట్టు అంచుకి 4 సార్లు కొట్టింది. ఆగింది, తిప్పి చూసింది, మళ్ళీ 2. పళ్ళతో గీకింది."

పక్కనే దిగుతున్న పెద్దాయన "చూశావా బాబూ, రాయితో పగలగొడుతోంది" అన్నారు. చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ అక్కడ కదిలింది చిప్ప, రాయి కదల్లేదు. పనిముట్టు అనాలంటే అది విడిగా ఉన్న వస్తువై ఉండాలి, కోతి దాన్ని పట్టుకుని ఇంకో వస్తువు మీద ప్రయోగించాలి. నేలకేసి కొట్టడం, గోడకేసి రుద్దడం దాని దగ్గరదాకా వచ్చే పనులే, కానీ నోట్స్‌లో వేరే కాలమ్‌లో రాయాలి.

నిజంగా పనిముట్టు వాడటం ఎలా ఉంటుందంటే, థాయ్‌లాండ్ తీరంలో పొడుగుతోక కోతులు పోటు తగ్గాక రాళ్ళు ఏరుకుని బండలకి అంటుకున్న ఆయిస్టర్ల (గట్టి చిప్పలుండే సముద్రపు జీవుల) మీద కొట్టి పగలగొట్టి తింటాయి. బ్రెజిల్‌లో కపుచిన్ కోతులు కేజీ పైన ఉండే రాయిని రెండు చేతులా ఎత్తి గట్టి కాయ మీద వేస్తాయి, అక్కడ సెర్రా ద కపివారా అనే నేషనల్ పార్కులో తవ్వితే ఇలా వాడిన రాళ్ళు 3,000 ఏళ్ళ నాటివి దొరికాయి. నాకైతే ఇది తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది, మూడు వేల ఏళ్ళుగా పిల్ల కోతి పెద్దదాని పక్కన కూర్చుని చూస్తూనే ఉందన్నమాట.

బాలిలో ఉలువాటు గుడి దగ్గర ఇంకో రకం, కళ్ళజోడు లాక్కుని తిండి ఇస్తేనే వదుల్తాయి. అది పనిముట్టు కాదు, బేరం. మన దగ్గర ప్రసాదం కవర్ లాక్కుంటే అది ఇంకోటి, ఉత్త దోపిడీ, తిరిగిచ్చే మాటే లేదు. మీరు మాత్రం పరీక్ష కోసమని అరటిపండు ఇవ్వొద్దు, ఇచ్చిన క్షణం నుంచి మీరు చూసేది అడవి కోతి ప్రవర్తన కాదు, మీ ప్రభావం. ఇంకొకటి, నోరు గుండ్రంగా తెరిచి మీ కళ్ళలోకే సూటిగా చూస్తే అది బెదిరింపు, చూపు దించి మెల్లగా వెనక్కి జరగండి, పరిగెత్తొద్దు.

వచ్చే భాగానికి సింహాచలంలోనో విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవిలోనో రెండు పూటలు కూర్చోండి. కోతి చేతిలోకి ఏ వస్తువు వచ్చినా ఏది కదిలింది, ఏది కదల్లేదు అని మాత్రమే రాయండి. "తెలివిగా", "కావాలని" లాంటి మాటలు పడితే కొట్టేసి, చేయి ఏం చేసిందో దాని పక్కన రాయండి.