బండి పని నేర్చుకుందాం – 3వ పాఠం: సముద్రపు గాలి, బండి చైను

గత రెండు పాఠాల్లో టైర్ల గాలి, ఇంజనాయిలు చూసేశాం. ఆ రెండింటికీ పనిముట్లతో పెద్దగా పని పడలేదు. ఇవాళ్టి నుంచి పానా పట్టాలి, జేబులోంచి కొంత డబ్బూ తీయాలి. ఆ డబ్బు ఒక్క రూపాయి కూడా వృథా కాకూడదని నా పట్టుదల. అందుకే ముందు కొలతలు, తర్వాత కొనుగోలు, ఆ తర్వాతే పని. ఈ వరస మార్చకండి.

మాన్యువల్ తీసి మూడు సంగతులు చూసి రాసుకోండి: చైను లూజు ఎంత ఉండాలి, వెనక యాక్సిల్ (చక్రం నడుమ నుంచి వెళ్లే ఇరుసు) నట్టు ఎంత బిగించాలి, వెనక బ్రేకు పెడల్‌కు ఎంత ఆట (బ్రేకు పట్టేలోపు పెడల్ కదిలే దూరం) ఉండాలి. నేను చెప్పే అంకెకూ మీ మాన్యువల్ అంకెకూ తేడా వస్తే మాన్యువల్‌దే చెల్లుతుంది. ఇప్పటి పెట్రోలు స్కూటర్లలో ఎక్కువవాటికి చైను కాదు, బెల్టు ఉంటుంది కాబట్టి స్కూటరు ఉన్నవాళ్లు పానాలు కొనే భాగం చదువుకుంటే చాలు.

పానా పనిని చైనుతోనే ఎందుకు మొదలుపెట్టామంటే, మన విశాఖలో బండికి ముందు పాడయ్యేది అదే. కోస్టల్ బ్యాటరీ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండినీ, గోపాలపట్నంలో తిరిగే బండినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. రెండూ ఒకే ఏడాది కొన్నవైనా, మొదటిదాని చైను పట్టీల మీద ఎర్రటి పొడి వేలికి అంటుతుంది. అల విరిగినప్పుడు లేచే తుంపర గాలిలోనే ఆరి, ఉప్పు రేణువై బండి మీద వాలుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తేమను లాక్కుని తానే కరిగి నీరవుతుంది. ఇక్కడ తెల్లవారుజామున తేమ ఆ గీత దాటని రోజులు తక్కువ. అంటే చినుకు పడకపోయినా చైను మీద ఉప్పునీటి పొర ఉన్నట్టే లెక్క. మిగతా ఊళ్లలో వానాకాలం భయం, మనకు మే నెలలో కూడా అదే భయం. కాన్వెంట్ జంక్షన్ మీదుగా పోర్టు వైపు వెళ్లేవాళ్లకు ఇంకో బాధ ఉంది. లారీల నుంచి రాలే బొగ్గు, ఖనిజం ధూళి చైను మీది ఆయిల్‌లో కలిసి గరుకు ముద్దవుతుంది. అది పిన్నుల్ని లోపలి నుంచి అరగదీస్తుంది.

ముందు కొలత

మొదట కొనాల్సింది ఒక స్టీలు స్కేలు, 30 సెం.మీ.ది. ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు మిల్లీమీటర్లు ఉండాలి. స్టేషనరీ షాపులో తక్కువకే వస్తుంది. ఈ పాఠంలో సగం పని దానిదే.

చైను పట్టీని గుడ్డతో తుడిచి దగ్గరగా చూడండి. 428 అనో, 520 అనో అంకె కొట్టి ఉంటుంది. మొదటి అంకె, పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. 4 అంటే 4/8, అంటే అర అంగుళం, 12.7 మి.మీ. 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ఉండేది ఈ 428 చైనే. కాబట్టి 21 పిన్నులు లెక్కపెడితే మధ్యలో 20 ఖాళీలు వస్తాయి, మొదటి పిన్ను నడుమ నుంచి చివరి పిన్ను నడుముకు సరిగ్గా 10 అంగుళాలు, 254 మి.మీ. రావాలి. 5తో మొదలయ్యే చైనైతే 17 పిన్నులు, 16 ఖాళీలు. అప్పుడూ 10 అంగుళాలే.

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, కింది వరస బిగువుగా ఉండేలా చక్రాన్ని ముందుకు తిప్పి పట్టుకుని కొలవండి. చైను కవరు పూర్తిగా మూసి ఉండే బండికైతే ముందు కవరు బోల్టులు విప్పాలి.

కొలత 254 దగ్గరే ఉంటే చైను బాగుంది. 259 వచ్చిందంటే రెండు శాతం పెరిగినట్టు, ఇక దాన్ని మార్చాల్సిందే. ఈ 5 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే చైను మీద శ్రద్ధ పెరుగుతుంది. పట్టీలు సాగలేదు. ప్రతి కీలులో పిన్నూ, దాని చుట్టూ ఉండే చిన్న గొట్టం లాంటి బుష్షూ ఒకదాన్నొకటి రాసుకుని పావు మిల్లీమీటరు చొప్పున అరిగాయి. ఇరవై కీళ్లు కలిసి ఐదు మిల్లీమీటర్లయ్యాయి. కంటికి కనిపించని అరుగుదల స్కేలు మీద ఇంత స్పష్టంగా పట్టుబడుతుంది. "చైను పోయింది, మార్చేయాలి" అని ఎవరన్నా, "ఇంకా నడుస్తాది" అని ఎవరన్నా ఇక మీ దగ్గర ఒక అంకె ఉంది.

259 దాటినవాళ్లు ఈ నెల పానాలకు డబ్బు పెట్టొద్దు. చైను, అది తిరిగే పళ్ల చక్రాలు రెండూ, అంటే ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, మూడూ కలిపి సెట్టుగా మార్పించుకోండి. పళ్లు ఒకవైపుకు కొక్కెంలా వంగిన పాత స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే అది కూడా త్వరగానే పోతుంది. పానాలు వచ్చే నెల కొనుక్కోవచ్చు.

ఇక లూజు. రెండు స్ప్రాకెట్లకూ సరిగ్గా నడుమ, కింది వరస పక్కన స్కేలు నిలువుగా పెట్టండి. వేలితో చైనును కిందకు లాగి ఒక అంకె, పైకి నెట్టి ఇంకో అంకె చూడండి. రెండింటి తేడానే లూజు. మామూలు బండ్లలో చాలావాటికి 20 నుంచి 30 మి.మీ. చెబుతారు. ఒక్కచోట కొలిచి ఊరుకోకండి. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. అన్నిటికంటే బిగువుగా ఉన్నచోట వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

బాగా బిగిస్తే మంచిదనుకునేవాళ్లు చాలామంది. బండి గుంటలో పడి వెనక చక్రం పైకి లేచినప్పుడు, వెనక మనిషి కూర్చున్నప్పుడు, యాక్సిల్‌కూ ముందు స్ప్రాకెట్‌కూ మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటివ్వడానికే ఈ లూజు. అది లేకపోతే లాగుడంతా గేర్‌బాక్సు బేరింగు మీద పడుతుంది. బేరింగు ఖర్చు చైను ఖర్చుతో పోదు. మరీ లూజైతే ఇంకో ప్రమాదం. చైను స్ప్రాకెట్ మీంచి జారి ఇరుక్కుంటే పరుగులోనే వెనక చక్రం పట్టేస్తుంది.

ఇప్పుడు కొనుగోలు

స్కేలుతోనే యాక్సిల్ నట్టు కూడా కొలవండి. మూల నుంచి మూలకు కాదు, ఎదురెదురుగా ఉన్న రెండు చదును ముఖాల మధ్య. ఆ మిల్లీమీటర్లే పానా నంబరు. బండిని బట్టి 17, 19, 22, 24 ఇలా మారుతుంది. కొన్ని బండ్లకు చైను వైపు స్లీవ్ నట్టు అని ఇంకో పెద్ద నట్టు ఉంటుంది, దాన్నీ కొలవండి. చైను అడ్జస్టర్ల (చక్రాన్ని వెనక్కి, ముందుకు జరిపే మరల) దగ్గరి చిన్న నట్లు ఎక్కువగా 10 లేదా 12. నంబర్లన్నీ కాగితం మీద రాసుకుని అప్పుడు బయల్దేరండి. గాజువాక ఆటోనగర్ దగ్గరైనవాళ్లు అటు, టౌన్లో ఉన్నవాళ్లు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపులకు.

షాపులో మాట ఎలా నడుస్తుందంటే:

"ఏటి కావాలి బాబూ? ఇదిగో నలభై ముక్కల సెట్టు, పెట్టెతో సహా. సవగ్గా వస్తాది, పట్టుకుపో."

"సెట్టొద్దు బాబాయ్. 19 రింగు పానా ఒకటి, 10, 12 ఒకవైపు రింగు, ఒకవైపు నోరు ఉండేవి ఒక్కోటి. విడిగా ఇవ్వండి. క్రోమ్ వెనేడియం రకం చూపించండి."

ఇంతే మాట్లాడండి. నలభై ముక్కల సెట్టులో మీ బండికి పనికొచ్చేవి ఐదారే. మిగతావి బరువుకు. పైగా మెత్తటి ఇనుముతో చేసిన చవక పానా బిగుసుకున్న నట్టు మీద నోరు తెరుస్తుంది. తపారియా లాంటి పేరున్న కంపెనీ పానాలు విడిగా కొంటే స్కేలు, బ్రష్షు, ఆయిలు కలిపి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఈ పాఠం గడిచిపోతుంది. తర్వాతి పాఠాల్లో ఏ పనికి ఏది కావాలో అప్పుడు అది కలుపుకుంటూ పోదాం.

పెద్ద నట్లకు రింగు పానాయే కొనమనడానికి మళ్లీ ఉప్పే కారణం. నోరు పానా నట్టును రెండు ముఖాల దగ్గరే పట్టుకుంటుంది. రింగు ఆరు మూలల్నీ చుట్టి పట్టుకుంటుంది. తుప్పు పట్టి మూలలు మెత్తబడిన నట్టు మీద నోరు పానా జారితే నట్టు గుండ్రమైపోతుంది, వేళ్లూ చితుకుతాయి. నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే రెంచి ఒక్కటే అన్నిటికీ సరిపోతుందని ఎవరైనా చెబితే యాక్సిల్ నట్టు దగ్గరికి దాన్ని రానివ్వకండి.

పాత పానాలు కొనడంలో తప్పేం లేదు. షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊరు మనది, ఫిట్టర్ల చేతుల్లో నలిగిన మంచి సరుకు పాత ఇనుము కొట్లలో కనిపిస్తుంటుంది. నోటి అంచులు విచ్చుకోకూడదు, రింగు లోపల మూలలు పదునుగా ఉండాలి, ఎక్కడా వెల్డింగు మచ్చ ఉండకూడదు. పైన తుప్పు ఉంటే ఫర్వాలేదు, రుద్దితే పోతుంది.

ఇంటికి తెచ్చాక పానాలకు గుడ్డతో ఆయిలు పూసి, అదే గుడ్డలో చుట్టి పెట్టండి. సముద్రం వైపు బాల్కనీలో మాత్రం పెట్టొద్దు.

పని

ముందు ప్రాణానికి సంబంధించిన మాట. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, జేబులో వేసుకుని అప్పుడు చైను ముట్టుకోండి. ఇంజను స్టార్టు చేసి, గేరులో పెట్టి, తిరిగే చైనుకు గుడ్డ పట్టి తుడవడం మీరు చూసే ఉంటారు. గుడ్డ అంచు స్ప్రాకెట్ పంటికి చిక్కితే వేళ్లు వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. వేళ్లు తెగేది ఇలాగే. చక్రాన్ని చేత్తోనే, మెల్లగా తిప్పుకోవాలి. పిల్లలు పక్కన ఉంటే వాళ్లను దూరంగా కూర్చోబెట్టండి.

ముందు చైను శుభ్రం చేయాలి. కిరసనాయిలు దొరకడం కష్టమైంది కాబట్టి దానికి కొంచెం డీజిల్ చాలు. బీచ్ రోడ్డు బండైతే ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టి ఆరబెట్టండి. పాత టూత్‌బ్రష్ డీజిల్‌లో ముంచి పట్టీల సందులు రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. పెట్రోలు వాడొద్దు, నిప్పు భయం ఒకటి, పిన్నుల దగ్గర రబ్బరు రింగులుండే ఓ-రింగు చైనైతే ఆ రబ్బరు పాడవడం ఇంకొకటి. తర్వాత 90 నంబరు గేరాయిలు, కింది వరస లోపలి వైపున, పట్టీకీ, పట్టీల నడుమ తిరిగే రోలరుకూ మధ్య సందులో చుక్కచుక్కగా వేస్తూ చక్రం తిప్పండి. పట్టీల పైన పూసిన ఆయిలు ధూళిని పట్టుకోవడానికే తప్ప దేనికీ కాదు. పావుగంట ఆగి పైన మిగిలింది తుడిచేయండి. సుమారు 500 కి.మీ.కు ఒకసారి ఇలా చేయాలి. రోజూ సముద్రం పక్కన తిరిగే బండికి ఇంకా ముందే.

లూజు సరిచేయాల్సి వస్తే, ముందురోజు రాత్రే యాక్సిల్ నట్టు మీద, అడ్జస్టర్ల మీద తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేయండి. తెల్లారాక నట్టుకు స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే సన్నటి కడ్డీ) ఉంటే తీసి, నట్టు వదులు చేయండి, పూర్తిగా విప్పొద్దు. అడ్జస్టర్ల లాక్ నట్లు వదులు చేసి, రెండువైపులా పావు చుట్టు చొప్పున సమానంగా తిప్పండి. వెనక చక్రాన్ని పట్టుకునే చేతులు, అంటే స్వింగార్మ్ మీద ఇటూ అటూ గీతలు ఉంటాయి. యాక్సిల్ రెండువైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. ఒక గీత తేడా వచ్చినా చక్రం వంకరగా నిలబడి స్ప్రాకెట్ పళ్లు ఒకపక్కే అరుగుతాయి. పావు చుట్టు తిప్పడం, లూజు కొలవడం, గీతలు చూడడం, మళ్లీ పావు చుట్టు. ఇక్కడ తొందర పడకండి.

సరిపోయాక యాక్సిల్ నట్టు బిగించండి. ఎంత బలం పెట్టాలో ఇలా లెక్క వేసుకోవచ్చు. 20 సెం.మీ. పొడవు పానా చివర 25 కిలోల బరువంత తోస్తే సుమారు 50 న్యూటన్ మీటర్లు అవుతుంది. మీ మాన్యువల్ అంకెను దీంతో పోల్చుకోండి. పానాకు పైపు తొడిగి మాత్రం బిగించొద్దు, మరలు తెగుతాయి. మొదటిసారి చేసినవాళ్లు మీకు తెలిసిన మెకానిక్ దగ్గరికి మెల్లగా వెళ్లి టార్క్ రెంచితో (ఎంత బిగించామో కొలిచే పానా) ఒకసారి చూపించుకోండి. "అన్నా, నేనే బిగించాను, సరిగ్గా ఉందో లేదో చూడు" అంటే చూస్తారు. తీసిన స్ప్లిట్ పిన్ను పారేసి కొత్తది వేయాలి.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. వెనక చక్రం వెనక్కి జరిగితే డ్రమ్ బ్రేకు రాడ్డు బిగుసుకుంటుంది. పెడల్ ఆట మాన్యువల్ ప్రకారం సరిచేసి, చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరుగుతోందో, పెడల్ నొక్కితే వెనక లైటు సమయానికి వెలుగుతోందో చూడండి. ఇవి చూడకుండా బండి రోడ్డెక్కకూడదు.

ఇంటిపని: నోటుబుక్కులో ఒక పేజీ తీసి తేదీ, మీటరు రీడింగు, 20 ఖాళీల కొలత, లూజు రాయండి. వెయ్యి కి.మీ. తర్వాత అదే పేజీలో మళ్లీ రాయాలి. వచ్చే పాఠం వెనక డ్రమ్ బ్రేకు. యాక్సిల్ విప్పే పానా మీ దగ్గర ఇప్పటికే ఉంది కాబట్టి, కొత్తగా తెచ్చుకోవాల్సింది గరుకు కాగితం, 120 నంబరుది, ఒక్క షీటు.