పిల్లలతో విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లే ముందు

ఎండాకాలమైతే సాయంత్రం ఎండ తగ్గాకే బయల్దేరండి. మధ్యాహ్నం ఇసుక కాలిపోతుంటుంది, చెప్పులు విప్పగానే ఎత్తుకోమంటారు, ఇక అంతే సంగతులు.

అసలు టెన్షన్ నీళ్ల దగ్గరే. ఒడ్డు పక్కనే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది, మోకాళ్ల లోతే కదా అని మీరు నిలబడ్డ చోట మూడేళ్ల పిల్లకి నడుము దాకా వస్తుంది. వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి, తడి చెయ్యి ఇట్టే జారిపోతుంది. "అందరం చూస్తున్నాంలే" అన్నారంటే ఎవరూ చూడట్లేదనే నా లెక్క, అందుకే ఒక్కో పిల్లని ఒక్కొక్కరికి అప్పజెప్పి వాళ్ల ఫోన్లు బ్యాగులో పెట్టించండి.

బట్టలు: నారింజ, ఎరుపు. నీలం వద్దు, అలల్లో కనబడదు.

మీ నంబర్ బాల్‌పెన్‌తో పిల్లల చేతి మీద రాయండి.

బీచ్ పక్కనే మ్యూజియంగా మార్చి పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ కూడా చూపించాలంటే సోమవారం వెళ్లకండి, సెలవు. లోపల దారి బాగా ఇరుకు, చంటిపిల్లల బండి పట్టదు.

బీచ్‌లో అమ్మే మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) కారం లేకుండా కలపమని ముందే చెప్పండి. ఇసుక కాళ్లు కడగడానికి రెండు లీటర్ల నీళ్ల బాటిల్, ఇంకో జత బట్టలు మీరొచ్చిన బండిలోనే ఉంచండి.