త్రీ నాట్ త్రీ రైఫిల్‌ను ఎలా పట్టాలి, ఎలా వాడాలి?

గొట్టం లోపలి వెడల్పు (బోరు) 0.303 అంగుళాలు కాబట్టి అందరూ త్రీ నాట్ త్రీ అనే పిలుస్తారు. అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. 1907లో వచ్చిన మార్క్ 3 రకాన్నే తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారుచేశారు. మన చట్టంలో ఇది నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద దొరకదు. అందుకే కింద చెప్పినవన్నీ శిక్షకుడు పక్కనుండగా చేయాల్సినవే.

1. గొట్టం మనుషులు లేని వైపు తిప్పండి. వేలు ట్రిగ్గర్ మీద కాదు, దాని చుట్టూ ఉండే గార్డు బయట ఉండాలి. ఖాళీగానే దాదాపు 4 కిలోల బరువు, ఒంటిచేత్తో ఎత్తితే మూతి ఎటో తిరిగిపోతుంది.

2. సేఫ్టీ మీట ఎడమ పక్కన, వెనక ఉంటుంది. వెనక్కి లాగితే సేఫ్, ముందుకు తోస్తే ఫైర్. కాక్ అయి, అంటే లోపలి స్ప్రింగ్ బిగిసి పేలడానికి సిద్ధంగా ఉన్నప్పుడు సేఫ్‌లో పెడితే గొట్టం వెనక మూసే కడ్డీ, అంటే బోల్ట్ కూడా కదలదు. బలవంతం చేయకండి, మీటను ముందుకు తోసి తెరవండి.

3. ఖాళీయేనా అని చూడండి. ట్రిగ్గర్ గార్డు లోపల ముందువైపున్న క్యాచ్ నొక్కి తూటాల పెట్టెను, అంటే మ్యాగజైన్‌ను తీయండి. బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. పాత మార్క్ 3లో ఒక మాయ ఉంది: మ్యాగజైన్ మీదికి జరిపే కట్-ఆఫ్ రేకు. అది మూసి ఉంటే బోల్ట్ ఎన్నిసార్లు ఆడించినా తూటా పైకి రాదు. ఖాళీ అనుకుంటాం, లోపల పదీ ఉంటాయి!

4. తూటాలు నింపడంలోనే కొత్తవాళ్లు తడబడతారు. ఈ తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు పడాలి. వెనక పడిందో, రెండూ ఒకదానికొకటి తగులుకుని బోల్ట్ సగంలో ఆగిపోతుంది. ఐదేసి తూటాలను పట్టుకునే రేకు క్లిప్పు అయిన చార్జర్‌తో నింపితే బొటనవేలితో ఒక్క ఊపున కిందికి నొక్కండి. బోల్ట్ ముందుకు తోయగానే ఖాళీ చార్జర్ దానంతటదే ఎగిరిపోతుంది.

5. బోల్ట్‌ను మొహమాటంగా తోయకూడదు. జర్మన్ రైఫిల్ మౌజర్ 98 బోల్ట్ తెరిచేటప్పుడే కాక్ అవుతుంది. ఇది మూసేటప్పుడు అవుతుంది. కాబట్టి చివర్లో స్ప్రింగ్ ఎదురు తన్నుతుంది. ఆగకుండా తోసి బోల్ట్ పిడి కిందికి దించండి. పిడి 60 డిగ్రీలే లేస్తుంది, ట్రిగ్గర్‌కి దగ్గరగానే ఉంటుంది. 1914కి ముందు బ్రిటిష్ సైనికులు 300 గజాల లక్ష్యం మీద నిమిషానికి 15 గుళ్లు గురిచూసి కాల్చగలిగింది ఈ పనితనం వల్లే. నా దృష్టిలో రైఫిల్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకండి. గురి అటే ఉంచి 30 సెకన్లు ఆగండి.

6. కాల్చడం అయ్యాక శుభ్రం చేయడం. పాత తూటాల అడుగున మందుని అంటించే ప్రైమర్ పేలితే గొట్టంలో ఉప్పు మిగులుతుంది. నూనెకి అది కరగదు, నీటికే కరుగుతుంది. అందుకే సిపాయిలు మరిగే నీళ్లు పోసి కడిగేవాళ్లు. తర్వాత భుజానికి ఆనించే బట్ అడుగున ఇత్తడి మూత తెరిస్తే పుల్-త్రూ తాడు, నూనె సీసా ఉంటాయి. తాడుకి ఫ్లానెల్ గుడ్డ కట్టి ఛాంబర్ వైపు నుంచి మూతి వైపు లాగండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగి, అప్పుడు పలచగా నూనె రాయండి.

బోల్ట్ తీయాలంటే వెనక్కంటా లాగి, దాని తలను పైకి తిప్పి బయటికి లాగాలి. నాలుగైదు రైఫిళ్లు ఒకేసారి విప్పితే బోల్టులు కలిపేయకండి. బోల్ట్ పిడి మొదట్లో చెక్కిన నంబరు, రైఫిల్ మీది నంబరు ఒకటేనా అని చూసే బిగించండి.